నువ్వు దాచిన బియ్యం

మన రూతు బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. లాల్‌పేట్‌లోని మన ఇంట్లోనే జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టించాను.

తొంభై ఒకటిలో రూపాయి విలువ తగ్గించారని రేడియోలో విన్న వారమే, లోకాంతానికి ముందు వస్తుందని బైబిల్లోని ప్రకటన గ్రంథం చెప్పిన కరువు గుర్రం బయలుదేరిందని పాస్టరయ్య ప్రసంగించారు. ఇక డబ్బు చిత్తుకాగితమైపోతుందని నువ్వు గని జీతమంతా బియ్యానికే పోసి డ్రమ్ములు నింపావు. ఆ దినం వచ్చేదాకా గింజ ముట్టొద్దన్నావు. ఏటా ఎండాకాలం దుప్పటి చెరో కొస పట్టుకుని ఆరబోసేవాళ్ళం, వేపాకు కలిపి మళ్ళీ నింపేవాళ్ళం. ఈసారి దుప్పటి లేపడం నా ఒక్కదాని వల్ల కాలేదు. బియ్యానికి పురుగు పట్టింది.

బజారులో మాత్రం ఏ కొరతా లేదు. రోజుకో కొత్త సబ్బు, దుకాణాల నిండా రంగుల టీవీలు. నువ్వు చూస్తే అదీ ఆ దినానికి ఒక గుర్తేననేవాడివి.

పొద్దున డ్రమ్ము మూత తీసి, కూడిక వంటకు బియ్యం చెరుగుతుంటే పక్కింటి లక్ష్మక్క వచ్చింది.

"గా దినం రాకముందే తీసినవేందే? ఆయనుంటే ముట్టనిచ్చెటోడా?"

"నాకు గా దినం పోయినేడే వచ్చింది గదక్కా."

ఆమె ఇంటికి వెళ్ళి తన చాట తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.