దాపటి చెవి

విరుదునగర్, 12-9-1934

తమ్ముడు అప్పాసామికి అన్న దామోదరసామి దీవించి రాసేది. చెవి వెనక ఆపరేషను చేసిన పుండు మానింది. ఎడమ చెవి మాత్రం ఇక వినబడదని డాక్టరు తేల్చి చెప్పాడు. గోడ పట్టకుండా వీధి చివరిదాకా నడుస్తున్నాను. తల గబుక్కున తిప్పితే నేల పక్కకు ఒరుగుతుంది, అంతే.

నిన్న పత్తిపేటలో బండి చప్పుడు విన్నాను. ఇప్పుడు ఏ చప్పుడైనా నాకు కుడివైపు నుంచే వచ్చినట్టుంటుంది. అందుకని ఎడమకు జరిగాను. బండి వస్తున్నది ఆ ఎడమ నుంచే! కాడి భుజానికి తగిలి పడ్డాను. బండివాడు నన్ను అరవంలో తిట్టి, ఎద్దుల్ని తెలుగులో అదిలించాడు. మనవాడే అని తెలిసి, "దాపటి చెవి పొయ్యిందప్పా" అన్నాను. వెంటనే దిగి లేపాడు. "అట్లయితే నువ్వు దాపట నడు, నే వలపట వస్తా" అంటూ నా కుడిపక్కకు వచ్చి, జోడెద్దుల్లాగా బసదాకా నడిపించుకొచ్చాడు.

శుక్రవారం కోవిల్‌పట్టి స్టేషనుకు బండి పంపు. మన నల్లరేగడిలో వాన పడిందా? నేనిక దున్నలేనని కర్రెద్దును అమ్మేయొద్దు. నాగలి మేడి చేతిలో ఉంటే నేను పడను.

ఇది మీ వదినకు చదివి వినిపించు. ఇన్నాళ్లూ దారిలో నా వెనకే నడిచింది. ఇక నా వలపట నడవమను. ఊరు నవ్వుతుందంటుంది. నవ్వనీ, నాకు వినబడేది సగమే కదా.