జడ్జి కాబోయేవారికి సన్మానం

శుక్రవారం, నందిగామ

జూనియర్ లాయర్ని కనక సన్మానపత్రం నాచేతే రాయించి, నాచేతే చదివించారు. "న్యాయదేవత ముద్దుబిడ్డ" అని గొంతు సవరించుకుని మరీ చదివాను. ఆ తల్లి కళ్లకు గంతలుండబట్టి సరిపోయింది.

సదరు ముద్దుబిడ్డ ఇక్కడి కోర్టులో మొదలై అడ్వకేట్ జనరల్ దాకా ఎదిగారు. ఇప్పుడు హైకోర్టు జడ్జి పదవికి ఆయన పేరు పంపారు. చెవిటికల్లులో మా పెదనాన్న పొలాన్ని ప్రభుత్వం తీసుకుంటే మొదట మా తరఫున వాదించింది ఈయనే. పదవి రాగానే అదే కేసులో ప్రభుత్వం తరఫున నిలబడి మమ్మల్ని ఓడించిందీ ఈయనే!

పిలవకపోయినా పెదనాన్న వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కాబోయే జడ్జిగారు దండల్లోంచి తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, పొలం ఎలా ఉంది?" అని పలకరించారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గవర్నమెంటుకి ఇప్పించింది తమరేగా, తమరే చెప్పాలండీ" అన్నాడు పెదనాన్న. జడ్జిగారు తల మళ్లీ దండల్లోకి లాక్కున్నారు.

బస్టాండులో, "అప్పీలు నేను వాదిస్తా పెదనాన్నా" అన్నాను.

"ఇందాక ఆయన్ని దేవుణ్ణి చేశావుగా! ముందు నువ్వెవరి వైపో తేల్చుకోరా" అని బస్సెక్కేశాడు.

ఆ మాట అడగాల్సింది ఆ మహానుభావుణ్ణి కదా, నన్నడుగుతాడేమిటి!