ఒకే తీగ మీద అంబాసిడర్

జహీరాబాద్, 1987

పూజ్యులైన బావగారికి,

అక్కను కాన్పుకు తీసుకుపొమ్మని మీరు వదిలివెళ్లిన అంబాసిడర్ గురించి ఈ విన్నపం.

రేపటి కార్లలో దీపాలు, వైపర్లు, హారను ఒకే తీగ మీద వంతులవారీగా కబుర్లు అందుకుంటాయని పత్రికలో చదివి, మన కారులోనూ అన్నిటినీ ఒకే తీగకు కలిపాను. వంతు ఎవరు చెప్తారో చదివిన గుర్తు లేదు. ఇప్పుడు బ్రేకు తొక్కితే వైపర్ ఊగుతోంది. ఎందుకో నాకూ అంతుపట్టడం లేదు.

నిన్న అక్కకు నొప్పులొచ్చే వేళకు హారను కూడా మూగబోయింది. నాయనమ్మ ముందు సీట్లో కూర్చుని, "నువ్వు నోరు మూస్కొని నడుపు బిడ్డా. ఎవలు ఎప్పుడు జరగాల్నో నేను చెప్త" అన్నది. కిటికీలోంచి తల బయటపెట్టి దవాఖాన దాకా అరిచింది. బండ్లు, బర్రెలు వంతులవారీగా తప్పుకున్నాయి.

పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం. వంతు చెప్పే మనిషి దొరికింది గాని, నాయనమ్మను ఏ తీగకు కలపాలో తెలియడం లేదు.

మీ బావమరిది