లైటు మీద నల్ల టేపు

అమలాపురం, 2007 జూలై, ఆదివారం

కోపం ఇంకా దిగలేదు. కారులో ఇంజిన్ లైటు వెలుగుతోందని నెల రోజులుగా మొత్తుకుంటుంటే, మా ఆయన చేసిన రిపేరు ఆ లైటు మీద నల్ల టేపు అంటించడం. వెనక సీట్లో తలనొప్పని పాప ఏడిస్తే, స్కూలు ఎగ్గొట్టే వేషాలన్నారు.

ఈరోజు తమ్ముడు కారులో లోపమేంటో చదివి చెప్పే స్కానర్ తెచ్చాడు. పొగను శుభ్రం చేసే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని కోడ్ వచ్చింది. కొత్తది కొనే ముందు ఓసారి చూద్దామని ఇద్దరం కారు కింద దూరాం. కన్వర్టర్‌కి ముందున్న అతుకు చుట్టూ మసి నాకే కనబడింది. లోపల పొగ బయటికి పోకుండా వేసే ప్యాకింగ్ చిరిగిపోయింది. పొగను కొలిచే సెన్సర్‌ తప్పు చెప్పడానికి కారణం ఆ సందులోంచి దూరే బయటి గాలే; కన్వర్టర్ బాగానే ఉంది.

"అక్కా, ఈ పొగంతా కార్లోకే ఎక్కుతోందే. పాప పీల్చింది ఇదే," అన్నాడు తమ్ముడు.

కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు బిగించి, కోడ్ చెరిపేసి, చాలా దూరం తిప్పి చూశాం. లైటు మళ్ళీ రాలేదు.

"చూసేవా, ఇంత ముక్కకి ఎంత గొడవ చేసేవో," అన్నారాయన. ఆ వెంటనే, రేపు ఐనవిల్లి వెళ్ళాలి, తాళం ఇమ్మన్నారు.

"బస్సులున్నాయండి, వెళ్ళి రండి," అన్నాను.

రేపు కారు నాకు కావాలి. పాపని డాక్టరుకి చూపించాలి. ఎంత పొగ పీల్చిందో ఏమో...