రెండు వరుసల చుక్కలు

ప్ల్జెన్

ప్రియమైన అమ్మమ్మా,

నా సిద్ధాంతం నిలబడినట్టే. నువ్వు లెక్కల పాఠాలు చెప్పడం మానేశాక వచ్చిన మాట కనుక చెప్తున్నా: చుక్కలు పీకేస్తుంటే గ్రాఫు సులువుగా ముక్కలు కాకపోతే దాన్ని గట్టిదంటాం. ప్రతి చుక్కకూ సమానంగా గీతలుంటే, గ్రాఫు పట్టికలోంచి పెద్దది మొదలుకుని వరుసగా తీసే ఐగెన్ విలువల్లో రెండోది ఒక్కటి చిన్నదైతే చాలు, గ్రాఫు గట్టిదేనని రుజువు చేశాను.

యూనివర్సిటీలో నా గదిలోనే కూర్చునే రదిమ్ మాత్రం కాగితాలు చూపించమంటున్నాడు. నిన్న, "చివరి విలువ సంగతి చూశావా?" అన్నాడు. "నీకెందుకు?" అన్నాను. నెలాఖరు సెమినారులోపే కాజేస్తాడని భయం.

నీ ఇవెతా

ప్రాగ్

బంగారు ఇవెతాకు,

పుట్టగొడుగులు ఏరేవాడు తన చోటు సొంత తమ్ముడికి కూడా చెప్పడు. బుట్ట మీద ఆకులు కప్పుకుని, "ఈ ఏడు ఏమీ లేవండీ" అంటూ ఇంటికొస్తాడు. నువ్వేమో రుజువు బల్లమీద పరిచి కాఫీకి వెళ్తావు. సొరుగుకు తాళం వెయ్యి. మర్యాదగా మాట్లాడే మగవాణ్ణి నమ్మడం నేను మీ తాతయ్యతోనే మానేశాను.

నిన్ను తప్ప ఎవరినీ నమ్మని
అమ్మమ్మ

ప్ల్జెన్

అమ్మమ్మా,

తాళం వేశాను. రదిమ్ చూసి, "మంచిదే, ఇక్కడ ఎలుకలెక్కువ" అన్నాడు. ఎంత పొగరో. ఆఫీసులో నేనిచ్చి ఉంచిన నీ చిరునామా కూడా అడిగి రాసుకున్నాడట. నీ దగ్గర కూపీ లాగడానికే. వస్తే తలుపు తియ్యకు.

నీ ఇవెతా

ప్రాగ్

ఇవెతా,

తీశాను, తిట్టడానికి. "దొంగలకు ఆల్‌బుకారా కుడుములు పెట్టను" అన్నాను. "తినే వచ్చానండీ" అన్నాడు. తర్వాత ఎనిమిది తిన్నాడు.

కాగితం మీద రెండు వరుసల్లో సమానంగా చుక్కలు పెట్టాడు. పైనున్న ప్రతి చుక్కకూ కిందున్న ప్రతి చుక్కతో గీత. ఒకే వరుసలో ఉన్నవాటి మధ్య ఏమీ లేదు. రెండో విలువ సున్నా. నీ లెక్కన ఇది మహా గట్టి గ్రాఫు కావాలి. పై వరుస తీసేసి చూడు, కిందివన్నీ దేనికదే విడిపోతాయి. నువ్వు రెండోదాని మీదే కన్నేశావు. అట్టడుగున, మొదటిదానికి సరితూగే రుణ సంఖ్య ఒకటి కూర్చుని ఉంది.

"ఇదంతా ఇవెతాకే చెప్పొచ్చుగా?" అన్నాను.

"నన్ను చూస్తేనే తాళం వేస్తోందండీ. అందరి ముందూ ఎవరో ఒకరు ఈ బొమ్మే గీస్తారు. మీరు కనిపెట్టినట్టు చెప్పండి, నా పేరు వద్దు."

నీ సిద్ధాంతం చావలేదు. చివరి విలువ పరిమాణం కూడా చిన్నదై ఉండాలని షరతు పెట్టు. నేను కూర్చుని చూశాను, నిలుస్తోంది. సెమినారులో ఆ రెండు వరుసలూ ముందు నువ్వే బోర్డు మీద గీయి. ఎవరు చూపించారో పేరు పెట్టి చెప్పు. వద్దన్నాడని మానకు. వద్దన్నందుకే చెప్పు.

అమ్మమ్మ