కాంతవ్వ దగ్గు

అమీర్‌పేట

జానకీదేవి ఆంటీ గారికి,

ఈ ఉదయం మన హాస్టల్ మూడో అంతస్తు బాత్‌రూంలో గోడ సగం మెరుస్తోంది. మిగతా సగం మీద బోరునీళ్ల తెల్ల మరక అలాగే ఉంది. బాత్‌రూంలు కడిగే కాంతవ్వ నిన్న ఆ మరకను నిమ్మ ఉప్పుతో రుద్దుతూ, ఊపిరాడక అక్కడే ఆగిపోయింది. అందుకే మీకీ ఉత్తరం రాస్తున్నాను.

"పులిహోరలో వేసే నిమ్మ ఉప్పుకి ఊపిరాడకపోవడమేంటి? పని ఎగ్గొట్టే నాటకం!" అని మీరు ఆమెను పనిలోంచి తీసేశారు.

నిమ్మ ఉప్పు ఒక్కదాన్నే నీళ్లలో కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని రుద్దితే మరక వదులుతుంది, ముప్పు ఉండదు. కానీ నిన్న ఆ బకెట్లో బ్లీచింగ్ పౌడరు కూడా పడింది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని ఆ గదిలో ఆమె దగ్గింది నాటకం కాదు. సోమాజిగూడలో డాక్టరు రాసిన చీటీ ఈ కవరులోనే పెట్టాను, చూడండి.

ఈ పని పోతే ఆమెకు మరో ఆధారం లేదు. దయచేసి మళ్లీ పిలవండి.

నిమ్మ ఉప్పు కొనిచ్చింది నేను. "గిండ్ల బ్లీచింగ్ సుత కలపాల్నా బిడ్డా?" అని ఆమె అడిగినప్పుడు, పుస్తకంలోంచి తలెత్తకుండానే "ఊఁ" అన్నాను.