ఎండ నేర్చిన చోళ్లు

బొబ్బిలి,
నవంబరు 2014.

బావా,

నేనూ పాపా కులాసాగానే ఉన్నాం. మావయ్య కాస్త నలతగా ఉన్నాడు. సరిహద్దు మంచులో కాపలా కాస్తూ నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. పాపకు పాలపళ్లు వచ్చాయి. నీ ఫొటో చూపిస్తే టోపీ పట్టుకోబోతుంది.

మా పరిశోధన కేంద్రంలో రాగులని రాసుకునే మన మెట్ట చేలోని చోళ్ల సంగతి అడిగావు. ఒకే విత్తనాన్ని రెండు భాగాలు చేశాను గదా. ఒకదానికి నీళ్లు పెట్టి, ఒకదాన్ని ఎండగట్టి, ఏటేటా దేని గింజ దానికే వేస్తూ వచ్చాం. ఈ ఏడు రెండింటికీ నీళ్లు ఆపాం. నీళ్లు తాగిన వంశం వాడిపోయింది. దాహంతో పెరిగిన తల్లుల పిల్లలు నిలబడ్డాయి. గింజకు ఎలా గుర్తుంటుందని కదా నీ ప్రశ్న. జన్యువులు మారవు బావా. ఏది ఎప్పుడు మేలుకోవాలో చెప్పే గుర్తులు వాటి మీద ఉంటాయి. కరువు మార్చేది ఆ గుర్తుల్ని. వాటిలో కొన్ని గింజలోకీ దిగుతాయి. పరిశోధన కేంద్రంలో పరీక్షలు నేను చేశాను గానీ, ఆ చేనుని బిడ్డలా కాచింది అత్తే.

హుద్‌హుద్ తుఫాను వచ్చేనాటికి వెన్నులు కోసి పశువుల శాలలో పెట్టాం. గాలి ముదిరాక అత్త గోనె కప్పుకుని లేచింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను.

"ఎండకి ఓర్సుకోడం నేర్పినాం గానీ, దానికి వాన తెల్దు గదే. తెచ్చేస్తాను, ఒగ్గు," అంది.

నీ ఉత్తరం చివర, అమ్మ నా మీద అలిగిందా, ఒక్క ముక్కయినా రాయించలేదేమని అడిగావు. అలగలేదు బావా. శాల గోడ కూలింది. మావయ్యా నేనూ చేతులతో మట్టి తీసేసరికి అత్త ప్రాణం పోయింది. వెన్నుల మూట మీద బోర్లా పడి ఉంది.

నువ్వు పెట్టాల్సిన తలకొరివి మావయ్య పెట్టాడు. దారులు మూసుకుపోయాయని, ఉత్తరాలు తప్ప మనుషులు కదల్లేరని రాశావు. మీ పటాలం పెద్దలకు కబురు పెడదామని మావయ్య అంటే నేనే ఆపాను. ఎవరో అధికారి నోట నువ్వు వినకూడదనుకున్నాను. తప్పో ఒప్పో తెలియదు.

మూటలోని గింజలు తడికి మొలకెత్తి కుళ్లిపోయాయి. మళ్లీ మొదలుపెట్టమని కేంద్రంలో అంటున్నారు. నాకు చేలోకి కాలు రావడం లేదు. మావయ్య ఇప్పటికీ అంబలి ముందు కూర్చుని, ఉల్లిపాయ తెమ్మని అత్తను పిలుస్తున్నాడు. నేను లేచి తెచ్చి పెడుతున్నాను.

ఒంటరిగా కూర్చుని ఇది చదవొద్దని మొదట్లోనే రాయాల్సింది. ఇప్పుడైనా పక్కన ఎవరుంటే వాళ్లను పిలువు బావా.

ఇట్లు,
అత్తకు మేనకోడలిని, నీ ఇల్లాలిని,
అరుణశ్రీ